మూరెడు దారంతో మా నాయన నాడి

మా నాయన ఇరవై ఎనిమిది రోజులు పడుకున్న ఆస్పత్రి ఏ ఊరిదో నేను చెప్పను. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి, ఈ మూడింటిలో ఏదో ఒకటి అనుకోండి. బాగేపల్లివాళ్ళు అది చింతామణిదని నమ్ముతారు, చింతామణివాళ్ళు చిక్కబళ్ళాపురానిదని నమ్ముతారు, చిక్కబళ్ళాపురంవాళ్ళకు బాగేపల్లి మీద ఎటూ మంచి అభిప్రాయం లేదు. ఎవరికీ మనసు నొప్పి ఉండదు. నాకూ మూడు ఊళ్ళలో కాఫీ దొరుకుతూ ఉంటుంది.

అరవైల నాటి మాట. బాగేపల్లిలో హైదరాబాదు రోడ్డు పక్కన మాకు చిల్లర అంగడి ఉండేది. బియ్యం, బ్యాళ్ళు, బెల్లం, చెనిక్కాయ నూనె. నాకు అప్పటికి ఇరవై ఆరేళ్ళు. నా చదువు మిడిల్ స్కూలుతో ఆగిపోయింది, అదీ కన్నడంలో. ఆపైన నేను నేర్చుకున్నదంతా చిక్కబళ్ళాపురంలో ఒక రీడింగ్ రూములో నేర్చుకున్నాను. వారానికొకసారి సరుకు కోసం పోయి, మూటలు బస్సు నెత్తికెక్కే వేళ దాకా అక్కడ కూర్చునేవాణ్ణి. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషు చదివేవాణ్ణి. అక్కడ ఒక పెద్ద విజ్ఞాన సర్వస్వం ఉండేది. ఉండేది అంటే, దాని సంపుటాల్లో చెదలు వదిలిపెట్టినవి రెండు ఉండేవి. అందులో పి అక్షరం సంపుటం నేను మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివాను. ముత్యాలు, పావురాలు, పెరూ దేశం, ప్లేగు, ఇంగ్లీషులో పి అక్షరంతో మొదలయ్యే ఏ సంగతైనా నన్ను అడగవచ్చు. మిగతా అక్షరాల్లో నా తెలివి అందరి తెలివి లాంటిదే. అయినా అందరిలాగే నేనూ వాటి గురించి మాట్లాడుతూనే ఉండేవాణ్ణి.

మా నాయనకు పుస్తకాల మీద గౌరవం ఉండేది, వాటిని చదివేవాళ్ళ మీద లేదు. ఆయన నమ్మింది తూకాన్ని. కొన్నేళ్ళ ముందు సర్కారు పాత తూకం రాళ్ళు మానేసి కిలోలు, గ్రాములు వాడమన్నప్పుడు ఆయన కొత్తవి కొన్నాడు కాని, పాతవాటిని గోనెసంచిలో మూట కట్టి అటక మీద పెట్టాడు. ఎందుకని అడిగితే, "సర్కారోళ్ళకు మళ్ళా బుద్ధొస్తే కావాల గదప్పా" అన్నాడు. గ్రాములు ప్రపంచమంతటా ఎందుకు మేలో నేను ఆయనకు అరగంట వివరించాను. ఆ అరగంటలో ఆయన ముగ్గురికి బెల్లం తూచి ఇచ్చాడు.

ఆయనకు జ్వరం పట్టుకుంది. నాలుగు రోజులు కషాయం తాగాడు, అయిదో రోజు అంగట్లో గల్లాపెట్టె మీద తల వాల్చాడు. టైఫాయిడ్ అన్నారు. అమ్మ అంగట్లో కూర్చుంది, నేను ఆస్పత్రిలో కూర్చున్నాను.

ఆ వార్డులో ఎనిమిది మంచాలు. రోగుల్ని కనిపెట్టుకుని ఉండడానికి ఆ ఆస్పత్రి దగ్గర ఉన్న యంత్రాంగాన్ని వర్ణించడం నా ధర్మం. ఒక థర్మామీటరు. అది మందు నీళ్ళ గ్లాసులో మునిగి ఉండేది, ఎనిమిది నోళ్ళకూ అదే. ఒక నర్సమ్మ. ఆమె చేతి గడియారం రిపేరుకు పోయి నెలన్నర అయింది. ప్రతి మంచం కాళ్ళ దగ్గరా ఒక అట్ట, ఆ అట్ట మీద గీతల కాగితం. జ్వరం ఒక గీత, నాడి ఒక గీత. జ్వరం గీత కొండలెక్కి దిగేది, ఎందుకంటే దాన్ని నిజంగానే కొలిచేవాళ్ళు. నాడి గీత మాత్రం రైలు పట్టాలాగా ఎటూ వంగకుండా సాగేది. నిమిషానికి ఎనభై నాలుగు. మా నాయనకూ ఎనభై నాలుగే, పక్క మంచం మీద కాలు విరిగినవాడికీ ఎనభై నాలుగే, మూల మంచం మీది ముసలాయనకూ అంతే. ఆ ముసలాయన పొద్దున చనిపోతే సాయంత్రం గడిలో కూడా ఎనభై నాలుగు ఉంది. పొద్దునే రెండు పూటలదీ రాసేస్తే పని సులువు కదా.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"నర్సమ్మా, గడియారం లేకుండా నాడి ఎట్ల లెక్కపెడతాండారు?"

"పన్నెండేండ్ల సర్వీసప్పా. చెయ్యి పట్టుకుంటే తెల్సిపోతాది."

"అందరికీ ఎనభై నాలుగేనా?"

"నీకేమన్నా తక్కువైందా? ఎనభై నాలుగు మంచి నంబరే."

ఆమె చెడ్డ మనిషి కాదు. ఎనిమిది మంచాలకూ, బయట కాచుకున్న అరవై మందికీ ఆమె ఒక్కతే. గడియారం బాగుచేసేవాడు తనకు బెంగుళూరు నుంచి ఒక స్ప్రింగు రావాలన్నాడు. ఆ స్ప్రింగు ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలియదు. కాబట్టి ఆమె ఎనభై నాలుగును నమ్ముకుంది.

మూడో రోజు మా మేనత్త దిగింది. ఆమె మా నాయన చెల్లెలు. దిబ్బూరహళ్ళిలో పట్టుపురుగులు సాకే ఇల్లు వాళ్ళది. చదువుకోలేదు. కాని పురుగుల ఇంట్లో వేడి ఎంత ఉండాలో, తేమ ఎంత ఉండాలో ఆమెకు తెలిసినంత ఆ ఆస్పత్రిలో ఎవరికీ తెలియదు. పట్టుపరిశ్రమ శాఖవాళ్ళు ఇచ్చిన గోడ థర్మామీటరు, చెక్కకు బిగించింది, ఆమె ఇంట్లో ఉండేది. ఎర్ర గీత దాటి పాదరసం పైకి పోతే కిటికీలకు తడి గోనెలు కట్టేది. అన్నను చూడడానికి వస్తూ వస్తూ, మూటలో రాగి పిండితోపాటు దాన్ని కూడా పెట్టుకొచ్చింది.

వచ్చీరాగానే అట్ట మీద ఎంత రాశారో చదవమంది.

"నూట మూడు, అత్తా."

"నూట మూడా? ఆ వేడికి పురుగు ఒకటీ మిగలదు గదరా. వీళ్ళు మనిషిని పండబెట్టినారా, ఉడకబెట్టినారా?"

నేను వివరించే లోపలే ఆమె తన చెక్క థర్మామీటరును మంచం తల దగ్గర మేకుకు తగిలించింది. అది ఎనభై ఎనిమిది చూపించింది. ఆమె నర్సమ్మను పిలిచింది.

"ఏమ్మా, నీది నూట మూడంటాది, నాది ఎనభై ఎనిమిదంటాది. నాది డిపార్టుమెంటోళ్ళు ఇచ్చింది. నీదెవరిచ్చిరి?"

"అది గాలిని కొలుస్తాది అమ్మా, ఇది ఒళ్ళును కొలుస్తాది."

"గాలి వేడిగా ఉంటే ఒళ్ళు యాడ చల్లగా ఉంటాదమ్మా. పురుక్కొక లెక్క, మనిషికొక లెక్కనా?"

సాయంత్రానికి మా నాయన మంచం పక్కని రెండు కిటికీలకూ తడి గోనెలు వేలాడుతున్నాయి. చెక్క థర్మామీటరు డెబ్బై ఎనిమిదికి దిగింది. మా అత్త తృప్తిగా కూర్చుంది. మా నాయన ఒంట్లో జ్వరం దిగలేదు కాని, ఆ వార్డుకు అంత హాయైన మూల ఇంకొకటి లేకపోయింది. పక్క మంచాలవాళ్ళు మా వైపు జరగడం మొదలుపెట్టారు. శాస్త్రం ప్రకారం ఆమెది తప్పు. శాస్త్రం తెలిసిన నేను కూడా కుర్చీ ఆ గోనె పక్కకే లాక్కున్నాను.

ఆ వారం సరుకు కోసం చిక్కబళ్ళాపురం పోయినప్పుడు రీడింగ్ రూములో ఒక ఇంగ్లీషు పత్రిక చూశాను. పెద్ద దేశాల ఆస్పత్రుల్లో రోగి ఒంటికి తీగలు అంటించి, ఒక చిన్న అద్దం మీద పచ్చని చుక్క పరుగెత్తేలా చేస్తారట. గుండె కొట్టుకున్నప్పుడల్లా చుక్క ఎగిరి పడుతుందట. ఎక్కడో బల్ల దగ్గర కూర్చున్న నర్సు పది మంది గుండెల్ని ఒకేసారి చూడగలదట. ఆకాశంలో భూమి చుట్టూ తిరిగేవాడి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో కింద కుర్చీలో కూర్చున్నవాళ్ళకు రేడియోలో తెలిసిపోతుందట. మా నాయన ఆకాశంలో లేడు. నేను కూర్చున్న చోటికి చేతికందే దూరంలో ఉన్నాడు. ఆయన గుండె సంగతి మాకు తెలియాలంటే బెంగుళూరు నుంచి ఒక స్ప్రింగు రావాలి.

ఆ రోజే అక్కడ నర్సుల కోసం రాసిన పుస్తకం ఒకటి, అట్టలు ఊడినది, దొరికితే టైఫాయిడ్ పుటలు వెతికి చదివాను. ఈ జ్వరంలో ఒళ్ళు ఎంత కాలినా నాడి మాత్రం నిదానంగానే నడుస్తుందని అందులో ఉంది. మూడో వారంలో జ్వరం ఉన్నట్టుండి పడిపోయి, అదే సమయంలో నాడి వేగం పెరిగితే, కడుపులో పేగు నుంచి రక్తం పోతున్నట్టని ఉంది. కాగితం మీద జ్వరం గీత కిందికి, నాడి గీత పైకి, రెండూ కత్తెరలాగా దాటుకుంటాయని బొమ్మ వేసి చూపించారు. ఆ బొమ్మ నా కళ్ళలోంచి పోలేదు. మా నాయన అట్ట మీద ఆ కత్తెర ఎప్పటికీ పడదు. ఎనభై నాలుగు పడనివ్వదు.

అప్పుడు పి అక్షరం నన్ను ఆదుకుంది. లోలకానికీ నాడికీ రెండింటికీ ఇంగ్లీషులో అదే మొదటి అక్షరం. నాలుగు వందల ఏళ్ళ కిందట, సెకన్ల ముల్లున్న గడియారాలు లేని కాలంలో, ఇటలీ వైద్యులు దారానికి గుండు కట్టి నాడి కొలిచేవాళ్ళని నాడి గురించిన పుటల్లో ఉంది. గుండును ఊపి, నాడితో సమానంగా ఊగేదాకా దారాన్ని పొడవో పొట్టో చేస్తారు. నాడి నిదానమైతే దారం పొడవు, నాడి వేగమైతే దారం పొట్టి. బరువుతో పనిలేదు, పొడవుతోనే పని అని లోలకం పుటల్లో మరీ మరీ చెప్పారు. నాలుగు వందల ఏళ్ళు వెనక్కి పోతే గాని మా ఆస్పత్రి ముందుకు పోదని నాకు అర్థమైంది.

ఇంటికి పోయి అటకెక్కి నాయన గోనెసంచి విప్పాను. అందులోంచి అయిదు తులాల ఇత్తడి రాయి తీశాను. దాని నెత్తిన చిన్న బొడిపె ఉంటుంది, దారం కట్టడానికి వీలు. దారం మా అత్త ఇచ్చింది, పురి పెట్టిన పట్టుదారం. సంగతి చెబితే ఆమె నవ్వలేదు. దారం, పొడవు, రాయి, ఊపు, ఇవన్నీ ఆమెకు తెలిసిన వస్తువులు. నవ్వింది నర్సమ్మ.

"ఏమప్పా, మీ నాయనకు నాడి పట్టాల్నా, దిష్టి తీయాల్నా?"

నేను కుడిచేత్తో నాయన మణికట్టు పట్టుకున్నాను. మా అత్త దారం పట్టుకుని రాయిని ఊపింది. రాయి ఇటు చివరకు వచ్చినప్పుడు ఒక దెబ్బ, అటు చివరకు పోయినప్పుడు ఇంకో దెబ్బ పడాలి. రాయి వెనకబడితే నేను "ఇంకొంచెం పొట్టి" అనేవాణ్ణి. ఆమె దారాన్ని వేళ్ళ మధ్య పైకి లాగేది. రెండూ కలిశాక, ఆమె పట్టుకున్న చోట నేను నీలం సిరాతో చుక్క పెట్టాను. మూరన్నర వచ్చింది. మరుసటి రోజూ మూరన్నరే. మంచి ఆరోగ్యవంతుడి నాడి. ఈ సంతోషవార్త నేను వార్డులో అందరికీ చెప్పాను.

మూడో రోజు నర్సమ్మ మాత్రలు ఇవ్వడానికి వచ్చి, నా చేతి వంక చూసి ఆగింది.

"బొటనవేలితో పట్టుకుంటివా?"

"అవును."

"బొటనవేల్లో నీ నాడే కొట్టుకుంటాది గదప్పా. రెండ్రోజుల్నుంచి నిన్ను నువ్వే చూసుకుంటాండావు. బాగుండావులే, ఇంటికి పో."

వార్డంతా నవ్వింది. ఒళ్ళు కాలిపోతున్న మా నాయన కూడా కళ్ళు మూసుకునే నవ్వాడు. పి అక్షరం సంపుటంలో ఏ వేలో రాయలేదు. నర్సమ్మే నా వేళ్ళు తీసి, మధ్యవి మూడు వేళ్ళు ఎక్కడ ఆనించాలో చూపించింది. పన్నెండేళ్ళ సర్వీసు అంటే ఇదే కాబోలు. ఆ రోజు దారం పొడవు మూరకు వచ్చింది, సరిగ్గా మోచేతి నుంచి వేలి కొస దాకా. ఆ తర్వాత పది రోజులు చుక్కలన్నీ ఆ మూర దగ్గరే పడ్డాయి, ఒక వేలు అటు, ఒక వేలు ఇటు. ఒళ్ళు నూట రెండు, నూట మూడు, నాడి మాత్రం మూరెడు దారం. పుస్తకంలో ఉన్నట్టే. మా అత్తకు అట్ట చదవడం రాదు కాని దారం చదవడం వచ్చేసింది. నేను లేనప్పుడు దాన్ని పెట్టెలోంచి తీసి మోచేతికి ఆనించి చూసుకునేది.

మూడో వారంలో ఒక పొద్దున నర్సమ్మ థర్మామీటరు చూసి మొహం వెలిగించుకుంది.

"తొంబై ఎనిమిది. జ్వరం పాయె. అమ్మా, మీ అన్న గెల్చినాడు."

డాక్టరు గుమ్మంలోంచే విని, అట్ట ఒకసారి చూసి, "మెత్తగా ఇడ్లీ పెట్టండి" అని బయటి రోగుల దగ్గరకు పోయాడు. పక్క మంచాలవాళ్ళు మా నాయనకు శుభం పలికారు. నేను పరుగెత్తి హోటల్లో రెండు ఇడ్లీలు కట్టించుకొచ్చాను. వచ్చేసరికి మా అత్త అన్న మొహం వైపే చూస్తూ నిలబడి ఉంది. ఆయన నుదుటి మీద చెమట. తెల్లగా ఉన్నాడు.

"ఇడ్లీ పక్కన పెట్టురా."

"డాక్టరే పెట్టమన్నాడు గదత్తా."

"పురుగులు తిండి మాని పడుకుంటాయి గదా, అవి లేసినాక తల ఎత్తి ఆకు కోసం ఎతుకుతాయి. ఎతికిందాకా మేము ఆకెయ్యం, ఏస్తే చస్తాయి. ఈయప్ప ఎతుకుతాండ్లేదు. నువ్వు ఆ దారం తీ."

నేను మూడు వేళ్ళు ఆనించాను. మొదట నాడి దొరకలేదు. తర్వాత దొరికింది, సన్నగా, దారం కంటే సన్నగా. మా అత్త నిన్నటి చుక్క దగ్గర పట్టుకుని రాయి ఊపింది. రాయి ఒకసారి పోయి వచ్చే లోపల నాడి ఎక్కడికో పోయింది. పొట్టి అన్నాను. ఇంకా పొట్టి. ఆమె వేళ్ళు దారం మీద కిందికి దిగుతూ పోయాయి. నిన్నటి చుక్కలన్నీ ఆమె పిడికిలి పైన వేలాడసాగాయి. చివరికి రాయి, నాడి కలిసినప్పుడు ఆమె కొలిచి చూపించింది. జానెడు, ఒక వేలు.

నేను నమ్మలేదు. మళ్ళీ చూశాను. మళ్ళీ జానెడూ వేలు. మూడోసారి పట్టుకున్నాక, నేను మళ్ళీ నా నాడే చూసుకుంటున్నానేమో అనిపించింది. ఈసారి తప్పయితే ఆస్పత్రంతా ఏడాదిపాటు నవ్వుకుంటుంది. తప్పు కాకపోతే మా నాయన పోతున్నాడు. ఈ రెండింటి మధ్య నేను అంతసేపు ఆలోచించానని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"ఏం చూస్తాండావురా? పోయి పిల్సుకొని రా" అంది అత్త.

డాక్టరు చుట్టూ ముప్పై మంది ఉన్నారు. నేను వాళ్ళను నెట్టుకుని పోయాను.

"సార్, మా నాయన నాడి ఎక్కువైంది. జ్వరం పడింది, నాడి లేసింది. రెండూ దాటుకున్నాయి."

"అట్టలో ఎనభై నాలుగు ఉండాది గదప్పా, ఇప్పుడే చూస్తిని."

"ఆ అట్టల్లో అందరికీ ఎనభై నాలుగే సార్. చచ్చిపోయినాయనకు కూడా."

గుమ్మం దగ్గర నర్సమ్మ నిలబడి ఉంది. డాక్టరు ఆమె వైపు చూడలేదు, నా చేతిలోని దారం వైపు చూశాడు.

"దీంతోనే కొలిచినావా?"

"అవును సార్."

"మొన్న నీ నాడే నువ్వు చూసుకుంటివంట. ఇదీ నీదేమో."

"నాదైతే తిట్టండి సార్. ఒకసారి రండి."

ఆయన లేచాడు. ఆయన మణికట్టుకు మంచి గడియారం ఉంది, సెకన్ల ముల్లు నిక్షేపంగా తిరుగుతున్నది. ఆ ఆస్పత్రిలో నడుస్తున్న గడియారం ఉన్న మనిషి ఆయనొక్కడే. ఆయనకు నాడి చూసే తీరిక లేదు. నాడి చూసే మనిషికి గడియారం లేదు. మా నాయన చెయ్యి పట్టుకుని ఆయన పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాడు. ఆ నిమిషం ఎంత పొడవో నేను ఏ దారంతోనూ చెప్పలేను.

"నూట ఇరవై" అన్నాడు మెల్లగా. తర్వాత మా అత్తను అడిగాడు, "పొద్దున దొడ్డికి పోయినాడా అమ్మా? ఎట్లుండె?"

"తారు మాదిరుండె సామీ. నల్లగా."

"నోట్లోకి ఏమన్నా పెట్టినారా?"

"నీళ్ళు కూడా పెట్లేదు."

డాక్టరు బల్ల మీది ఇడ్లీ పొట్లాన్ని చూశాడు, దాన్ని తనే చేత్తో అవతలికి జరిపాడు. ఆ తర్వాత ఆయన వేరే మనిషి. మంచం కాళ్ళ వైపు ఇటుకలు పెట్టించి ఎత్తు చేయించాడు. సెలైన్ సీసా కట్టించాడు, ఇంజెక్షన్ ఇచ్చాడు. కదిలిస్తే ప్రమాదం, బెంగుళూరు తీసుకుపోయే మాట వద్దన్నాడు. రక్తం ఆగితే నాడి దిగుతుంది, ఆగకపోతే ఇంకా ఎక్కుతుంది, సాయంత్రానికి తేలిపోతుందన్నాడు. అరగంటకొకసారి నాడి చూడాలన్నాడు. బయట ముప్పై మంది అలాగే ఉన్నారు. ఆయన తన గడియారం వైపు, నా రాయి వైపు చూశాడు.

"నేను వచ్చినప్పుడు నేను చూస్తా. రానప్పుడు మీరు దీంతో చూడండి. పొట్టిదైతే పరిగెత్తి రా."

ఆ రోజు పగలంతా మేము దారం మీద బతికాము. రెండోసారి జానెడే వచ్చింది, ఆ ఒక్క వేలు కూడా పోయింది. పరుగెత్తాను. డాక్టరు వచ్చి సీసా వేగం పెంచి పోయాడు. మూడోసారి జానెడే. నాలుగోసారి జానెడే. నర్సమ్మ వచ్చి మా అత్త పక్కన నిలబడేది. మా అత్త చేతులు నొప్పి పుడితే దారం తను తీసుకుని ఊపింది. ఎనభై నాలుగు గురించి ఆమె గాని నేను గాని మాట్లాడలేదు. తడి గోనెలు ఆరిపోతే నర్సమ్మే మళ్ళీ తడిపి కట్టింది.

మధ్యాహ్నం మూడు దాటాక ఒక వేలు తిరిగొచ్చింది. నేను లెక్క తప్పానేమోనని ఎవరికీ చెప్పలేదు. తర్వాతి అరగంటకు మూడు వేళ్ళు. మా అత్త దారం నా మొహం ముందు పట్టుకుని, "పెరిగింది గదరా, కండ్లు లేవా నీకు?" అంది. దీపాలు పెట్టే వేళకు జాన మీద అయిదు వేళ్ళు వచ్చింది. డాక్టరు వచ్చి తన గడియారంతో చూసి నూట నాలుగు అన్నాడు. మరుసటి రోజు పొద్దున పది గంటలకు మూరకు రెండు వేళ్ళు తక్కువ. మా నాయన కళ్ళు తెరిచి, తల కొంచెం ఎత్తి, బల్ల మీద ఏదో వెతికాడు.

"ఎతుకుతాండాడు" అంది మా అత్త. ఆ మాట అన్నాకే ఆమె ఏడ్చింది.

నాలుగో వారానికి ఇంటికి తెచ్చుకున్నాము. బయల్దేరేటప్పుడు డాక్టరు ఆ దారం వార్డులో పెట్టిపొమ్మన్నాడు. రాయి మాత్రం నాయనది, ఇవ్వనన్నాను. దారానికి మందుల సీసా మూత ఒకటి కట్టి గోడకు తగిలించారు. నెల తర్వాత చూడడానికి పోతే నర్సమ్మ గడియారం రిపేరు నుంచి వచ్చింది. దారాన్ని గోడకు అడ్డంగా కట్టేశారు, దాని మీద చేతులు తుడుచుకునే గుడ్డ ఆరుతోంది. అట్టల మీద నాడి గీతలు చూశాను. ఎనభై రెండు, తొంభై ఆరు, డెబ్బై నాలుగు. ఎగుడుదిగుడుగా, అందవికారంగా, బతికున్న మనుషుల గీతల్లాగా ఉన్నాయి.

మా నాయన మళ్ళీ అంగట్లో కూర్చోవడానికి రెండు నెలలు పట్టింది. పరామర్శకు వచ్చినవాళ్ళకు ఆయన కథ చెప్పేవాడు. అందులో డాక్టరు కొంచెం ఉండేవాడు, చెల్లెలి తడి గోనెలు చాలా ఉండేవి, నేను ఇడ్లీలు తెచ్చిన చోట కనిపించేవాణ్ణి. చివర్లో మాత్రం గల్లాపెట్టె పక్కనుంచి ఇత్తడి రాయి తీసి చూపించేవాడు.

"ఇదే కాపాడింది. పాత రాయి అబద్ధం చెప్పదు. కొత్త గ్రాముల రాయైతే నేను పోయుందును."

ఒకరోజు ఇంక భరించలేకపోయాను. బరువుకూ ఊపుకూ సంబంధం లేదని, పొడవు ఒక్కటే లెక్కని, గ్రాముల రాయి కట్టినా, బెల్లం ముక్క కట్టినా అదే జవాబు వచ్చేదని, పుస్తకంలో ఏ పుటలో ఉందో కూడా చెప్పాను. ఆయన మొదటిసారిగా నా మాట చివరిదాకా విన్నాడు.

"బరువుతో పనే లేదా?"

"లేదు నాయనా."

"కింద అంగట్లో బల్ల మీద గ్రాముల రాళ్ళు చేతికందేట్ల ఉండె గదా?"

"ఉండె."

"మరి అటకెక్కి, మూట విప్పి, దీన్నే ఎందుకు తీసుకొస్తివి?"

బొడిపె ఉందని, దారం కట్టడానికి వీలని చెప్పబోయాను. కాని గ్రాముల రాళ్ళలో కూడా బొడిపె ఉన్నవి రెండు ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. నేను నూనె డబ్బాలు సర్దడానికి లోపలికి పోయాను.

బస్సులు పోయినప్పుడల్లా పొట్లాల కాగితాలు ఎగిరిపోకుండా ఆయన ఆ రాయిని వాటి మీద పెట్టుకునేవాడు. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో నేను చూడడం లేదనుకుని, కుడిచేతి మూడు వేళ్ళు ఎడమ మణికట్టు మీద ఆనించుకునేవాడు. బొటనవేలు వాడేవాడు కాదు.